క్యూ అక్షరానికి కరువు

ప్రెస్సు పనిలో చేరబోయే ఆడపిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. కంప్యూటర్ మీద అక్షరాలు కొట్టే పని వాళ్ళది. నేను చేసింది సీసపు అక్షరాలను చేత్తో ఏరి పేర్చే పని. రెండింటికీ పోలికే లేదని వాళ్ళు అనుకుంటారు. నేను అనుకోను. చేతులు పెట్టే చోటు మారింది, అంతే. అక్షరం తప్పు పడితే పోయే పరువు మారలేదు.

అందుకని నాకు తెలిసింది రాసి పెడుతున్నాను. నేను ఐదో తరగతి దాకా చదివాను. అదీ పూర్తిగా కాదు. శనక్కాయలు పీకే కాలం వస్తే బడి మాన్పించి చేనికి తీసుకుపోయేవాళ్ళు. కాబట్టి పెద్ద పెద్ద మాటలు ఆశించవద్దు. జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరి కింద ఎన్నాళ్ళు చేశాను, అవేవీ ఇక్కడ ఉండవు. అవి చదివి పని నేర్చుకున్నవాళ్ళు ఎవరూ లేరు.

సీసం మీద వచ్చిన ఇంగ్లీషు

మాది పత్తికొండ పక్క పల్లె. పెళ్ళయి కర్నూలు వచ్చాను. మా ఆయన లారీ తోలేవాడు. లారీ ఇంటికి వచ్చే రోజులకన్నా రాని రోజులే ఎక్కువని తెలిశాక, పాత బస్టాండు వెనక సందులో ఉన్న ప్రెస్సులో చేరాను. మొదట కాగితాలు మడిచే పని ఇచ్చారు. తర్వాత కంపోజింగు నేర్పారు.

కంపోజింగు అంటే ఇది. ఏటవాలుగా పెట్టిన చెక్క అర ఒకటి ఉంటుంది. దాన్ని కేసు అంటాం. దాన్నిండా గళ్ళు. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం తాలూకు సీసపు ముక్కలు. ఎడమచేతిలో స్టిక్కు అనే ఇనప పట్టీ పట్టుకొని, కుడిచేత్తో అక్షరాలు తీసి వరుసగా నిలబెట్టాలి. పేజీ నిండాక దారంతో బిగించి కట్టి, సిరా పూసి, ఒక కాగితం మీద అచ్చు తీయాలి. అదే ప్రూఫు. తప్పులు దిద్దాక మిషన్ ఎక్కించాలి. అచ్చయ్యాక అక్షరాలన్నీ కడిగి, విడదీసి, మళ్ళీ ఎవరి గడిలో వాళ్ళను వేయాలి. ఆ వేయడంలో బద్ధకించినవాడు మర్నాడు పేర్చేటప్పుడు ఏడుస్తాడు.

సీసం మీద అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. తెలుగు నాకు పలక మీద వచ్చింది. ఇంగ్లీషు మాత్రం సీసం మీదే వచ్చింది. ఈ రోజుకీ గోడ మీది బోర్డులో ఇంగ్లీషు కన్నా, లారీ అద్దంలో తిరగబడి కనిపించే ఇంగ్లీషు నాకు తొందరగా తెలుస్తుంది.

అర్థం తెలియకుండా ఎట్లా పేర్చావని అడుగుతారు. అర్థం తెలియడమే ఈ పనిలో ప్రమాదం. తెలిసిన మాటను కన్ను సగమే చూస్తుంది, మిగతా సగం మనసు నింపేస్తుంది. తెలియని మాటను ఒక్కో అక్షరంగా చూడక తప్పదు. మీకు ఎంత ఇంగ్లీషు వచ్చినా, దిద్దేటప్పుడు రానట్టే చూడండి. ఇది నా మొదటి మాట.

సాయిబు

ప్రెస్సు యజమాని హుసేన్ సాయిబు. వాళ్ళ నాయన కాలం నుంచి అదే పని. మనిషి మంచివాడు. కానీ తొందర మనిషి. ఒకసారి తనే కూర్చొని పేర్చిన పెళ్ళిపత్రికలో పగలు అని ఉండాల్సిన చోట రాత్రి అని పడింది. డోన్ నుంచి రావలసిన చుట్టాలు పొద్దుగూకినాక బ్యాండుమేళంతో దిగారు. అప్పటికి పందిరి విప్పుతున్నారు. ఆ రోజు నుంచి పెళ్ళిపత్రికలు సాయిబు చేతికి నేను ఇవ్వలేదు. ఆయనా అడగలేదు. తన తప్పు తెలుసుకుని చెయ్యి వెనక్కి తీసుకునే యజమాని దొరకడం కష్టం. దొరికితే వదులుకోవద్దు.

సాయిబుకు ఒక పట్టుదల ఉండేది. అది చెప్పకపోతే తర్వాతి సంగతి మీకు అర్థం కాదు. పేరుస్తూ ఉండగా ఒక్కోసారి గడిలో అక్షరాలు అయిపోతాయి. అప్పుడు అంతే వెడల్పున్న అరిగిపోయిన అక్షరం ఒకటి తీసుకొని, ఆ జాగాలో కాళ్ళు పైకి చేసి నిలబెడతాం. సీసపు ముక్క అడుగున గాడి ఉంటుంది కాబట్టి ప్రూఫులో అక్కడ రెండు నల్లటి గీతలు పడతాయి. ఇక్కడ ఇంకా అక్షరం పెట్టాల్సి ఉందని మాకు మేము చేసుకునే గుర్తు అది. అందుకే అరిగిన అక్షరాలను నేను పారేయనిచ్చేదాన్ని కాదు. పాలడబ్బాల్లో పోసి దాచేదాన్ని.

అయితే ఆ నల్లగీతలు బయటివాళ్ళు చూడకూడదు. సాయిబుకు వాళ్ళ నాయన చెప్పిపోయిన మాట అది.

"కాళ్ళు పైకున్న ప్రూఫు మన గడప దాటిందంటే ఇజ్జత్ పోయినట్టే ఈరమ్మా. లుంగీ లేకుండా బజార్లో నిలబడినట్టు" అనేవాడు.

కర్నూల్లో ఏ ప్రెస్సులోనైనా ఇదే కట్టుబాటు. నేనూ అది సరైనదనే అనుకునేదాన్ని.

ఓబుల్‌రెడ్డి సారు

కంప్యూటర్లతో అచ్చు పని చేస్తున్నారని హైదరాబాదు నుంచి కబుర్లు వస్తున్నాయి గానీ, కంప్యూటర్ మా సందులోకి ఇంకా రాలేదు. ఆ రోజుల్లో, చలికాలం చివర్లో, ఓబుల్‌రెడ్డి సారు ప్రెస్సుకు వచ్చాడు. పులివెందుల పక్క పల్లెలో చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలు, ఉన్న కుటుంబం. ఆయన మాత్రం తోట అన్నదమ్ములకు వదిలి, కర్నూలు కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాడు. చంకలో కాగితాల కట్ట.

"ఏమ్మా, కంపోజిటర్ యాడ?" అన్నాడు.

"నేనే సార్."

"ఇంగ్లీషు వచ్చునా?"

"రాదు సార్. పేర్చడం వచ్చు."

ఆయన పకపకా నవ్వాడు. "మా కాలేజీలో కథ తిరగబడి ఉండాది. వచ్చు అంటారు, ఒక్క వాక్యం పేర్చలేరు."

కట్ట విప్పి చూపించాడు. అన్నీ ఇంగ్లీషు మాటలు, ఒక్కోదానికి కింద తెలుగులో అర్థం, కొంచెం కథ. ఏ మాట చూసినా క్యూ, దాని పక్కన యు. ఆ రెండక్షరాల జంటతో మొదలయ్యే మాటలు, అందులోనూ ఇప్పుడు ఎవరూ వాడని పాత మాటలు, పాత నిఘంటువులు తిరగేసి ఏరి పెట్టుకున్నాడు.

"ఈ రెండక్షరాలే ఎందుకు సార్?" అన్నాను.

"మిగతా అక్షరాలు ఎవరితోనన్నా తిరుగుతాయమ్మా. ఈ క్యూ ఉండాదే, పక్కన యు లేందే ఇల్లు దాటదు. అట్లాంటి ఇంట్లో పాతకాలం మాటలు శానా దాక్కోని ఉండాయి. సూడు, ఇది క్వెర్న్. అంటే ఇసుర్రాయి."

"మా ఇంట్లో ఉండాది సార్. అది ఇంగ్లీషువాళ్ళకూ ఉందా?"

"వాళ్ళు పారేసినారు. మాట ఒక్కటే మిగిలింది."

మిషన్ తొక్కే ఎల్లప్ప ఆ మాటలు వినడానికి పని ఆపి దగ్గరకు వచ్చాడు. సారు వాడిని చూసి ఇంకో మాట మీద వేలు పెట్టాడు. "ఇది క్విడ్‌నంక్. ఊళ్ళో యాడ ఏం జరుగుతాందో అన్నీ తనకే కావాల్సినోడు."

"ఎల్లప్పా, నీ పేరు ఇంగ్లీషు పుస్తకంలో ఎక్కింది పో" అన్నాడు సాయిబు. ఎల్లప్ప వెనక్కి పోయాడు గానీ, ఆ పేరు మాత్రం పోలేదు. రిటైరయ్యేదాకా వాడు మాకు క్విడ్‌నంకే.

అప్పుడు సారు అసలు సంగతి చెప్పాడు. పెద్దాసుపత్రిలో కంటి నరం ఎండిపోతోందని చెప్పారట. కుడికన్ను అప్పటికే పోయింది. ఎడమకన్ను ఎండాకాలం దాటితే గొప్ప అన్నారట.

"నా కళ్ళు ఉండంగానే ప్రతి మాట నేనే దిద్దాల సాయిబూ. ఇవి ఎవురికీ తెలియని మాటలు. తప్పు పడితే పట్టుకునేవాడు ఉండడు. అచ్చులో ఉన్నదే నిజమనుకుంటారు. ఇంకొకడు దిద్దినాడంటే అది వాని పుస్తకం, నాది కాదు."

"ఉగాదికి చేతిలో పెడతా సార్" అన్నాడు సాయిబు. తొందర మనిషి అని చెప్పాను కదా.

ఖాళీ అయిన గడి

కేసులో అన్ని గళ్ళూ ఒకే కొలత ఉండవు. ఎక్కువ వాడే అక్షరానికి పెద్ద గడి, తక్కువ వాడేదానికి మూల చిన్న గడి. క్యూ గడి అన్నిటికన్నా చిన్నవాటిలో ఒకటి. అక్షరాలు పోత పోసి అమ్మే కంపెనీవాళ్ళు కూడా ఆ లెక్కనే పంపిస్తారు. బిల్లుబుక్కుల్లో క్వాంటిటీ అని ఒక్క మాట వస్తుంది, అంతటితో దాని పని అయిపోతుంది. అన్నేళ్ళలో క్యూ తక్కువ పడిందన్న మాట మా ప్రెస్సులో ఎవరి నోటా రాలేదు.

సారు పుస్తకం రెండు పేజీలు పేర్చేసరికి ఆ గడి అడుగు చెక్క కనిపించింది.

మామూలుగా అయితే ఇబ్బంది లేదు. ఆ రెండు పేజీలు దిద్దించి, అచ్చేసి, కడిగి, క్యూలు వెనక్కి తీసుకొని తర్వాతి రెండు పేజీలు పేర్చుకోవచ్చు. మధ్యలో మిషన్ మీద బిల్లుబుక్కులు ఉంటాయి, కరెంటు ఉండదు, కాగితం రాదు. ఆ నడకన పుస్తకం వానాకాలానికి గానీ పూర్తి కాదు. సారు కన్ను అన్నాళ్ళు ఆగదు.

సాయిబు మద్రాసు కంపెనీకి ఫోన్ చేయించాడు. విడి అక్షరాలు అమ్మం, సెట్టు మొత్తం కొనాలి, అదైనా ఇప్పుడు పోత పోయడం లేదన్నారు. కడపలో, నంద్యాలలో తెలిసిన ప్రెస్సుల వాళ్ళను అడిగితే కొన్ని క్యూలు పంపించారు. వాళ్ళ కొలతలు వేరు. మా వరుసలో వాళ్ళ క్యూ నిలబెడితే నాయన చొక్కా తొడుక్కున్న పిల్లోడిలా ఉంది. తిప్పి పంపేశాం.

అప్పుడు సాయిబు తన తెలివి తీశాడు. "ఈరమ్మా, బి ని తలకిందులు సెయ్. క్యూ అయితాది. ఎవురు సూస్తారు?"

నిజమే, బి అక్షరాన్ని తిప్పి నిలబెడితే క్యూలాగే కనిపిస్తుంది. బి లు మా దగ్గర కావలసినన్ని. నాకు నచ్చకపోయినా ఒక పేజీ అట్లా పేర్చి ప్రూఫు తీశాను. చేసి చూపకుండా కాదనడం నాకు ఇష్టం ఉండదు. సాయిబే తీసుకుపోయి సారుకు ఇచ్చాడు.

సారు భూతద్దం పెట్టుకొని ముక్కుకు ఆనించి చూశాడట. "సాయిబూ, ఇది క్యూ కాదు. అసలు క్యూకి కింద రెండు పక్కలా పాదం ఉంటాది. దీనికి ఒక్క పక్కే ఉండాది. ఒక కాలికే చెప్పు తొడుక్కున్నట్టు. పైగా వరుసలో నిలబడకుండా ఎగిరెగిరి సూస్తాండాది" అన్నాడట. సాయిబు తలగోక్కుంటూ తిరిగొచ్చాడు.

ఒంటికంటితో చూసే మనిషి ఆ తేడా పట్టుకున్నాడు. ఎవరు చూస్తారులే అన్న మాట ప్రెస్సులో అనకండి. చూసేవాడు ఎప్పుడూ ఒకడు ఉంటాడు. డబ్బులిచ్చేవాడు అతనే.

కాళ్ళు పైకి

నాకు వచ్చిన ఆలోచన కొత్తదేమీ కాదు. రోజూ చేసే పనే. క్యూ ఉండాల్సిన ప్రతి జాగాలో అరిగిన అక్షరాన్ని కాళ్ళు పైకి చేసి నిలబెట్టి, పుస్తకం మొత్తం ముందే పేర్చేద్దాం అనుకున్నాను. పేజీలు దారంతో కట్టి చెక్కల మీద వరుసగా పెట్టుకోవచ్చు. ఇంగ్లీషు ఉన్నది కొంచెమే, అర్థాలూ కథలూ తెలుగులో. తెలుగు అక్షరాలకు మాకు కొదవ లేదు. నల్లగీతలతోనే సారు మొత్తం దిద్దేస్తాడు. ఆ గీత ఉన్న ప్రతిచోటా ఉండాల్సింది క్యూ ఒక్కటే, దాంట్లో తప్పు పోయే వీలు లేదు. తర్వాత మనం నిదానంగా రెండేసి పేజీలకు క్యూలు పెట్టుకుంటూ అచ్చేసుకోవచ్చు. కన్ను చేయాల్సిన పని ముందు, చెయ్యి చేయాల్సిన పని వెనక.

ఈ మాట చెప్పగానే సాయిబు కుర్చీలోంచి లేచాడు.

"నల్లగీతల ప్రూఫు బయటికా? మా నాయన పేరు చెడగొట్టేకి వచ్చినావా ఏంది?"

"మీ నాయన పేరు గోడ మీద బోర్డులో ఉండాది సాయిబన్నా, భద్రంగా ఉండాది. సారు కన్ను యాడుండాదో సూడు."

"ఒక పేజీలో ఒక గీత అంటే ఏమో అనుకోవచ్చు. పుస్తకం నిండా గీతలే! సెట్టు లేని ప్రెస్సు అని కర్నూలంతా సాటింపు ఏస్తారు."

"సెట్టు లేంది నిజమే కదా. ఉంటే పెట్టు, ఇప్పుడే పేరుస్తా."

ఎల్లప్ప మిషన్ వెనక నుంచి నవ్వాడు. సాయిబు వాడిని కసిరాడు. నా మీద కోపం వాడి మీద తీర్చుకున్నాడని నాకు తెలుసు. నేను స్టిక్కు తీసుకొని బిల్లుబుక్కు పేర్చడానికి కూర్చున్నాను. యజమానితో వాదన పెట్టుకుంటే మీ మాట ఒక్కసారి గట్టిగా చెప్పండి. మళ్ళీ మళ్ళీ చెబితే అది పోట్లాట అవుతుంది, పోట్లాటలో గెలిచేది ఎప్పుడూ యజమానే.

సాయంత్రం ప్రెస్సు కట్టేసేటప్పుడు సాయిబు నా దగ్గరకొచ్చాడు.

"ఒక షరతు. ప్రూఫు నా చేతుల మీద పోవాల, నా చేతుల మీద రావాల. సారు దిద్దినంతసేపు నేను ఆడే కూసుంటా. ఇంకో మనిషి కంట పడకూడదు."

"కూసో. నిన్ను లేవమన్నదెవురు?" అన్నాను.

కట్టుబాటు మంచిదే. ఎందుకు పెట్టారో తెలుసుకుంటే, ఎక్కడ వంచాలో కూడా తెలుస్తుంది. ఆ గీతలు దాచమన్నది ప్రెస్సు మీద నమ్మకం పోకూడదని. సారు విషయంలో దాచితేనే నమ్మకం పోయేది.

ఎండలో దిద్దుడు

అప్పటికి ఎండలు ముదిరాయి. సారు ఇల్లు బుధవారపేట వైపు. కొన్నిసార్లు సాయిబు నన్నూ తీసుకుపోయాడు, సారు గుర్తులు అర్థం చేసుకోవడానికి.

ఇంట్లో కూర్చుంటే సారుకు అక్షరం కనిపించేది కాదు. లైటు వేసినా అంతే. మిట్టమధ్యాహ్నం పెరట్లో, అందరూ తలుపులు మూసుకునే వేళ, ఆయన నడి ఎండలో కుర్చీ వేసుకొని, తల మీద తడిగుడ్డ కప్పుకొని ప్రూఫు పట్టుకునేవాడు. కర్నూలు ఎండ ఎంత వెలుతురిస్తే అంత ఆయనకు కావాలి. ఆయన భార్య లోపలి నుంచి తిట్టేది.

"కళ్ళు పోతాయంటే పానమే పోగొట్టుకుంటాండాడు సూడండి సాయిబూ! మీరన్నా సెప్పండి."

"నేనేం సెప్పేది అమ్మా, నేనూ ఎండలోనే కూసున్నా కదా" అనేవాడు సాయిబు. పక్కనే గొడుగు పట్టుకొని, మజ్జిగ తాగుతూ, ప్రూఫుకు కాపలా.

మేము అనుకోని మేలు ఒకటి జరిగింది. ఆ నల్లగీతలు లావుగా ఉండటంతో సారు కంటికి అవే ముందు ఆనేవి. "ఈడ గీత ఉండాదంటే ఈడ మాట మొదలైతాది. దాన్ని పట్టుకోని పోతే దారి దొరుకుతాండాది" అన్నాడు. సాయిబు ఆ రోజు ప్రెస్సుకొచ్చి, ఎవరూ అడగకముందే, "గీతలు ఉండేదే మంచిదైంది" అన్నాడు. నేను తల ఎత్తలేదు. ఎత్తితే నవ్వొచ్చేది.

సారుకు నా పనిలోనూ తప్పులు దొరికాయి. ఎన్ అక్షరం తలకిందులైతే యు లాగా ఉంటుంది. ఒకచోట యు గడిలో కలిసిపోయిన ఎన్ ఒకటి నా చేతికొచ్చి, తలకిందులుగా నిలబడిపోయింది. అచ్చులో యు లాగే ఉంది. నేను చూశాను, సాయిబు చూశాడు, మాకు పట్టుబడలేదు. సారు వేలు పెట్టి, "దీని పాదాలు పైన ఉండాయమ్మా, మార్చు" అన్నాడు. మార్చాను. ఆ మధ్యాహ్నమంతా యు గడి మొత్తం కింద పోసి ఏరుకున్నాను.

సాయిబుకు మాటల పిచ్చి పట్టింది. చీనీ తోటలో చెట్లు నాటే పద్ధతికి ఇంగ్లీషు పేరు క్విన్‌కంక్స్ అని, నాలుగు మూలలా నాలుగు చెట్లూ నడుమ ఒకటీ అని, ప్రెస్సుకు అచ్చు బేరానికి వచ్చిన కడప రైతులకు కూడా చెప్పేవాడు. ఒకరోజు నన్ను చూసి ముసిముసిగా నవ్వాడు.

"ఈరమ్మా, నీకు సరిపోయే మాట ఒకటి ఉండాది. క్వీన్ అని. రాణి కాదు, పలకడం అట్లే గానీ రాసేది వేరే. అర్థం మాత్రం నీకు సెప్పొద్దన్నాడు సారు."

"నాకు ఎవురో సెప్పాల్నా? అర్థం పేర్చింది నేనే. తెలుగు సదవడం వచ్చు నాకు" అన్నాను. అప్పటి నుంచి సాయిబు ఆ నవ్వు నవ్వలేదు.

చివరి పేజీల ప్రూఫు తీసుకుపోయినప్పుడు నేనూ వెళ్ళాను. ఎండ అంతే ఉంది. సారు మాత్రం కాగితాన్ని అటూ ఇటూ జరుపుతున్నాడు. ఒక వరుస చదవడానికి అంతకుముందు పేజీకి పట్టినంత సేపు పట్టింది. మధ్యలో రెండుసార్లు కాగితం ఒళ్ళో పెట్టుకొని కళ్ళు మూసుకున్నాడు. సాయిబు లేచి గొడుగు పక్కన పడేసి, ఎండకు అడ్డం రాకుండా దూరంగా జరిగి నిలబడ్డాడు. చివరకు సారు పెన్ను అడిగాడు. నేను పెన్ను చేతిలో పెట్టి, ఎక్కడ రాయాలో కాగితం మీద వేలుంచాను. నా వేలు పక్కనే సంతకం చేశాడు.

"అచ్చేసుకోండి" అన్నాడు.

క్యూలు నడిచిన దారి

అచ్చు పని వానలు పడే వేళకు గానీ పూర్తి కాలేదు. రెండు పేజీలు మిషన్ దగ్గర పెట్టి, నల్లగీతలు ఒక్కొక్కటే చిమ్మటంతో పీకి, ఆ జాగాలో క్యూలు పెట్టేదాన్ని. అచ్చయ్యాక కడిగి, అవే క్యూలు తీసి తర్వాతి పేజీలకు. పిడికెడు అక్షరాలు పుస్తకమంతా నడిచాయి. మధ్యలో బిల్లుబుక్కు వస్తే దానికి క్యూ ఇవ్వనన్నాను. క్వాంటిటీకి బదులు నంబర్ అని వేసి పంపించాం. ఎవరూ అడగలేదు.

ఒకచోట ఒక గీత మిగిలిపోయింది. ఎల్లప్ప మొదటి కాగితం తీసి చూసి, కాలు ఆపాడు. "అక్కా, ఈడ ఒకడు కాళ్ళు పైకెత్తినాడు" అన్నాడు. ఊరి సంగతులు కావాలనే కన్ను పనికీ పనికొచ్చింది. ఆ రోజు నుంచి ప్రతి పేజీకి మొదటి కాగితం ముగ్గురం చూసేవాళ్ళం. దిద్దిన మనిషి ఇక చూడలేడు కాబట్టి, ఆ మనిషి సంతకం చేసిన తర్వాత మేము పెట్టే ప్రతి అక్షరం మా పూచీ. ఇది మీకు కూడా చెబుతున్నాను. మీ మిషన్లో క్యూలకు కరువు లేదు. కానీ పని ఇచ్చిన పార్టీవాడు సరే అని సంతకం పెట్టాక, అక్కడ కొంచెం బాగుంటుందని మీరు జరిపే మాట ఉంటుందే, దాన్ని చూసేవాడు ఇంకెవడూ ఉండడు. జరిపితే మళ్ళీ చూపించండి. చూపించలేని పరిస్థితి అయితే మీరే మూడుసార్లు చూడండి.

కట్టలు

పుస్తకాలు కట్టలు కట్టి సారు ఇంటికి చేర్చాం. మర్నాడే సాయిబు నన్ను పిలిచాడు.

"సారు కట్టలు ఇప్పనీయడంల్యా. పాత స్టూడెంట్లు వచ్చి కూసున్నారు, బడులకు పంపేకి జీపు వచ్చింది. క్యూలు సరిగా పడినాయో లేదో తెలిసేదాకా ఒక్కటి కూడా బయటికి పోకూడదంటాండాడు. అన్నీ ఉండాయి సార్ అని నేను సెప్తే, యజమానులకు ఎప్పుడూ అన్నీ బాగానే కనపడతాయి, పేర్చినామెను పిలువు అన్నాడు."

వెళ్ళాను. సారు వసారాలో కూర్చొని ఉన్నాడు. భూతద్దం ఎక్కడా కనిపించలేదు. నా అడుగు చప్పుడుకు ముఖం తిప్పాడు గానీ, నేను నిలబడ్డ వైపు కాదు.

"ఈరమ్మేనా? రా. నేను సూసింది గీతల పుస్తకం. క్యూ ఉన్న పుస్తకం నేను సూడలే. నువ్వు సదువు, నేను ఇంటా."

"నాకు పలకడం రాదు సార్."

"అక్షరాలు సెప్పు. పలకడం నా పని."

పక్కన విడిగా పెట్టిన పుస్తకం తీసుకొని, ఆయన కుర్చీ దగ్గర నేల మీద కూర్చున్నాను. వచ్చినవాళ్ళు వసారా మెట్ల మీద కూర్చున్నారు. మొదటి మాట మీద వేలు పెట్టాను. అచ్చులో అక్షరం తిన్నగా ఉంటుంది, నాకు అదే కొంచెం ఇబ్బంది.

"క్యూ, యు, ఏ, ఎఫ్, ఎఫ్."

"క్వాఫ్. గటగటా తాగడం."

"క్యూ, యు, ఏ, జి."

"క్వాగ్. కాలు దిగబడే బురద నేల. మన జిల్లాలో లేదు, వాన పడితే చూద్దాం." మెట్ల మీద నవ్వులు.

"క్యూ, యు, ఇ, ఏ, ఎన్."

"అది... నోటి దురుసు ఉన్న ఆడమనిషి."

"తెలుసు సార్. ముందుకు పోదాం" అన్నాను. సాయిబు దగ్గొచ్చినట్టు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

కొన్ని పేజీలయ్యాక సారు చెయ్యెత్తాడు. "సాలు ఈరమ్మా. నమ్మకం కుదిరింది. అందరూ కాసుకోని ఉండారు."

"ఉండనీ సార్. సగం దిద్దిన ప్రూఫు మీద మీరు సంతకం పెడతారా? నేనూ పెట్టను" అన్నాను.

ఆయన చెయ్యి కిందికి దింపాడు. లోపలి నుంచి ఆయన భార్య అందరికీ మంచినీళ్ళు తెచ్చింది. జీపు డ్రైవరు ఒకసారి తొంగిచూసి, ఇప్పట్లో కదిలేది లేదని బండి నీడకు పెట్టుకున్నాడు. నేను పేజీ తిప్పాను. మాట లోపలా, కథ లోపలా, ఎక్కడ క్యూ ఉంటే అక్కడ వేలు పెట్టి అక్షరాలు చెప్పాను. ఆయన ప్రతి మాటా పలికి, అర్థం చెప్పాడు. ఒక్కో అర్థం దగ్గర మెట్ల మీదివాళ్ళు ఏదో అడిగితే జవాబిచ్చాడు. పాఠం చెప్పేటప్పుడు ఆయన చూపు మెట్ల వైపే ఉంది, ఎవరెవరు ఎక్కడ కూర్చున్నారో కనిపిస్తున్నట్టే.

చివరి పేజీలో చివరి మాట వచ్చింది.

"క్యూ, యు, ఓ, టి, హెచ్."

"క్వోత్. పలికెను అని. అంతేనా?"

"అంతే సార్."

"క్యూ సక్కగా ఉండాదా? రెండు పక్కలా పాదం ఉండాదా?"

కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకొని మరొకసారి చూశాను.

"ఉండాది సార్. రెండు పక్కలా ఉండాది."

సారు పుస్తకం నా చేతిలోంచి తీసుకొని ఒళ్ళో పెట్టుకున్నాడు. మెట్ల వైపు తిరిగి గట్టిగా కేకేశాడు.

"కట్టలు ఇప్పండప్పా!"